తడి దుప్పటి

లాప్‌టాప్ మూలన కనిపించే వైఫై గీతలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

తెలంగాణ ఉద్యమం రోజులు. యూనివర్సిటీ హాస్టళ్ళు మూసేస్తే, నేనూ నా రూమ్మేటూ తార్నాకలో క్యాంపస్ గోడ పక్కనే ఒక వెనక పోర్షన్‌లో చేరాం. నాది సీమ, తనది నల్గొండ దగ్గర పల్లె. మీ తెలంగాణ వస్తే నన్ను బస్సెక్కిస్తారా అని నేనంటే, పప్పు మంచిగ చేస్తవు కాబట్టి నిన్నొక్కదాన్ని ఉంచుకుంటం అక్కా అనేది.

ఆ మధ్యాహ్నం తనకి పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూ. బెంగళూరు నుంచి వీడియోలో చేస్తారు. ఎన్నిచోట్ల అప్లై చేసినా పిలిచింది వాళ్ళొక్కరే. బంద్ కాబట్టి నెట్ సెంటర్లు లేవు, ఆటోలూ లేవు. మా ఓనరు ముందింటికి తాళం వేసి ఉప్పల్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూపోతూ వైఫై ఆపకుండా వదిలేశాడు, అదే మాకు దిక్కు. ముందురోజు సిగ్నల్ బాగానే వచ్చింది. ఆ రోజు మాత్రం ఒక్కటే గీత, అదీ వస్తూ పోతూ.

పొద్దున్నుంచి క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలుతూనే ఉంది. పొగ గోడ దాటి మా సందులోకీ వస్తోంది. తనకి అసలే ఆయాసం. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, ముందింటి వైపు. దానికీ అద్దం లేదు. రెండు దుప్పట్లు తడిపి, మడతపెట్టి కిటికీ నిండా కట్టాను.

ఇక సిగ్నల్ కోసం నా అవస్థ మొదలైంది. లాప్‌టాప్‌ను మంచం మీద పెట్టాను, మంచం మీద స్టూలేసి దాని మీద పెట్టాను, ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అన్నం వార్చే శిబ్బిని వెనక నిలబెడితే సిగ్నల్ పెరుగుతదని ఎవరో చెప్పారంది తను. అదీ చేశాను. ముందింటి వరండాలో కూర్చుందామంటే అక్కడ పొగ ఇంకా ఎక్కువ. టైమ్ దగ్గరపడేకొద్దీ నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చి, కనపడని ఓనర్ని తిట్టాను.

దుప్పట్లు ఆరిపోతున్నాయి, మళ్ళీ తడుపుదామని విప్పాను. వెనక నుంచి "అక్కా, వచ్చింది" అని కేక. చూస్తే గీతలు నిండుగా ఉన్నాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. దుప్పట్లు తడిపి కట్టగానే మళ్ళీ ఒక్క గీత. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి వెలగలేదు, అడ్డం నేను కట్టిన తడి దుప్పట్లేనని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

"తియ్ అక్కా," అంది తను.

"నీకు ఊపిరాడదు మే."

"ఆడకపోతే ఆడకపాయె. ఇంటర్వ్యూ మల్ల రాదు."

తీసేశాను. బొమ్మ స్పష్టంగా వచ్చింది, పొగ కూడా వచ్చింది. మొదటి రెండు ప్రశ్నలకి బాగా చెప్పింది. తర్వాత దగ్గు, కళ్ళ వెంట ధారలు. నేను కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని తడిగుడ్డ అందిస్తున్నాను. అవతల ఒక మేడమ్ జాలిగా, ఇంత చిన్నదానికి ఏడవకూడదమ్మా, మంచినీళ్ళు తాగు అంది. ఏడవడం లేదు మేడమ్, ఇక్కడ గాలి బాగాలేదు అని తను ఇంగ్లీషులో చెప్పింది. పక్కనున్న సారు నవ్వి, పొల్యూషన్ అన్నిచోట్లా ఉందన్నాడు. నాకు లాప్‌టాప్‌లోకి దూరి ఆయన్ని ఈ గదిలోకి లాక్కురావాలనిపించింది.

కాల్ అయిపోగానే అరిచాను, టియర్ గ్యాస్ అని ఎందుకు చెప్పలేదని.

తను ఆయాసం తీరేదాకా ఆగింది. "చెప్తే, లొల్లి చేసేటోళ్ళకు సీటెందుకు అంటరు అక్కా."

సీటు రాలేదు.

ఇప్పుడు నేనూ అట్లాంటి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఎవరైనా పిల్ల కళ్ళు తుడుచుకుంటే, ముందు మీ దగ్గర గాలి ఎట్లా ఉందని అడుగుతాను.