ముందుకు చూసే తెడ్లు

రెండో విడత కరోనా రోజుల్లో నేను సూరత్‌లో ఉన్నాను. మామూలు తెడ్లతో పడవ నడిపేవాడు వెళ్లే వైపుకు వీపు పెట్టి కూర్చోవాలి. నాకది నచ్చక, నా చిన్న షికారు పడవకు ముందుకు చూస్తూ లాగే కొత్త రకం తెడ్లు తెప్పించాను. తీరా చూస్తే పడవ అంచులు మరీ సన్నం, బిగింపులు నిలవలేదు.

ఉధ్నా మిల్లుల వాడలో మరమగ్గాలు ఆగిపోయి ఖాళీగా ఉన్న కరీంనగర్ ఫిట్టర్ రాజయ్య వచ్చాడు. అంచులకు లోపల చెక్కలు వేసి, సీటు కాస్త ఎత్తు లేపి, వాటిని కుదిర్చాడు. ఒకసారి లాగి చూసి, తల వంచుకుని అడిగాడు.

"సార్, కరోనాల పోయిన మా తమ్ముని అస్తికలు గీ పడవల పోయి కలిపొద్దమా? నెల సంది ఖోలీల గోడ మొలకు ఏలాడుతున్నయి. కలిపినంక ఎనుకకు సూడొద్దు గదా. పాత తెడ్లయితే తిరిగొచ్చేటప్పుడు మొఖం అటే ఉంటది."

తపతి నదిలో అస్థికలు కలిపాక, అతనే పడవ తిప్పి ఒడ్డుకేసి లాగాడు. ఎదురుగా కూర్చున్న నాకు అతని భుజం మీదుగా ఆ నీళ్లే కనిపిస్తున్నాయి.

"ఇంకా కనవడుతున్నాడా సార్?" అన్నాడు, తల తిప్పకుండా.

"లేడు" అన్నాను.

అస్థికలు కట్టిన ఎర్రగుడ్డ మునగకుండా మా వెనకే కొట్టుకొస్తోంది.