అత్త వేసిన అరివేణి కుండలు

మా పెద్దమ్మకి ఎనభై దాటాయి, పెద్దావిణ్ని ఇంక వదిలేయమని మా ఆయన అంటారు. నాకూ యాభై దాటాయి. నేను వదల్లేదు.

నా పెళ్లికి అరివేణి కుండలు మా మేనత్త వేసింది. పెళ్లిపందిట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి పూజ చేసే ఆ కుండల్ని మా నిడదవోలులో చాలామంది బజార్లో కొనేస్తారు. మా ఇంట్లో మాత్రం అత్తే వేసేది. కుండకి సున్నం పూసి, ఆరాక, ఈనెపుల్ల చివర నలగ్గొట్టి, దాన్నే కుంచె చేసుకుని చిలకలూ పద్మాలూ దించేది. నాకు కుంచె పట్టడం నేర్పిందీ ఆవిడే. నా పెళ్లికి ముందటేడు మామయ్య పోయాడు. ఆ సంగతి పెద్దమ్మకి సరిగ్గా పెళ్లి పొద్దున్నే గుర్తొచ్చింది.

“మొగుడు పోయిన చెయ్యి పెట్టిన కుండలు పీటల దగ్గరేంటి? తీయించండి అవతలికి,” అంది, పందిట్లో అందరూ వింటుండగా.

నేను లేచి గొడవకి దిగబోతే మా అమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టింది. కుండలు దొడ్లోకి పోయాయి. తర్వాత వాటిలో గేదెలకి కుడితి పెట్టారు. అత్త మళ్లీ కుంచె ముట్టలేదు. నేను బొమ్మ వేస్తున్నా, మా అమ్మాయి డ్రాయింగ్ పుస్తకం తెరిచినా, చేతులు కొంగులో చుట్టుకుని వెనక నిలబడి, “ఆ కాడ కాస్త వంచు,” అనేది. అంతే.

ఈమధ్య పెద్దమ్మ పిఠాపురం నుంచి ఫోన్ చేసింది. మనవరాలి పెళ్లి. మా అమ్మాయి ఇన్‌స్టాలో పెట్టే బొమ్మలు ఆ పిల్ల చూసిందట.

“మీ పిల్ల చేత కుండలు వేయించవే. మనింటి పద్ధతి కదా!”

“మనింటి పద్ధతేనండి. తప్పకుండా పంపిస్తానండి.”

నేను పెద్దమ్మని ‘అండి’ అన్నానంటే ఎవరైనా అనుమానించాలి. ఆవిడ అనుమానించలేదు.

అత్త ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఆవిడే వెయ్యాలని నేను, “శుభకార్యమే, నేను ముట్టుకోను,” అని ఆవిడ. ఎంత వాదించినా లొంగలేదు. చివరికి ఆవిణ్ని కదిల్చింది నా వాదన కాదు, మా అమ్మాయి వేసిన చిలకలు. అది రెంటినీ చెరోవైపు తిప్పి వేసింది.

“ఇదేంటే, ఇవి పెళ్లికా, విడాకులకా? ఇలా తే,” అంది అత్త.

మొదటి రెక్క తుడిచేసి మళ్లీ గీసింది. రెండో రెక్క ఒక్క గీతలో దించింది. మా అమ్మాయి తెచ్చిన యాక్రిలిక్ రంగుల్ని, “ప్లాస్టిక్ బిందెలా మెరుస్తోందే,” అని పక్కకి నెట్టి, ఎర్రమట్టి జాజూ పసుపూ నీలిమందూ తెప్పించుకుంది. సున్నం నాది, రంగులు కలపడం మా అమ్మాయిది, గీత మాత్రం ప్రతీదీ అత్తదే.

పెళ్లిలో పెద్దమ్మ ఆ కుండల పక్కనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ చూపించుకుంది. నేను ఆగాను. పంతులుగారు కుండలకి పసుపుదారం చుట్టి, దీపం పెట్టి, పూజ ముగించేదాకా ఆగాను. పూజయ్యాక వాటిని కదపకూడదు. అప్పుడు పెళ్లికొడుకు తల్లి, మొగల్తూరు వియ్యపురాలు, “ఎవరు వేశారండీ ఇంత బాగా?” అని అడిగింది.

“మా అత్తండి,” అన్నాను. మైకు అక్కర్లేని గొంతు నాది. “అదిగో, ఆ చివరి కుర్చీలో ఉన్నారు. మొగుడు పోయిన చెయ్యి అని నా పెళ్లిలో మా పెద్దమ్మ తీయించేసిందే, ఆ చెయ్యేనండి.”

పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. “పంతులుగారూ, ఇవి...” అంది.

“పూజయిపోయిందమ్మా, ఇంక కదపకూడదు,” అన్నారాయన.

అత్త వచ్చి నన్ను పక్కకి లాగింది. “నలుగుర్లో ఆవిణ్ని అలా అంటావేంటే?”

“నిన్నన్నప్పుడు నలుగురు లేరా?”

ఈలోగా వియ్యపురాలు అత్త చేతులు పట్టుకుంది. “మా రెండోవాడి పెళ్లికీ మీరే వెయ్యాలండి.”

అత్త పెద్దమ్మ వైపు చూస్తుందేమోనని నేను భయపడ్డాను. చూడలేదు. “కుండలు మీరు తెప్పిస్తారా, మమ్మల్నే తెమ్మంటారా?” అంది.

పెద్దమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. అందుకని, “ఏంటత్తా, వినపళ్లేదు,” అని ఆ మాట ఇంకోసారి, గట్టిగా, చెప్పించాను.