రక్తం పడని క్షయ

ముత్తుకూరు చర్చి నాటకాల్లో రోగి వేషమంటే సమాధానం అనేవాడిదే. అబ్బో, ఏం దగ్గేవాడు! గుడ్డ మీద ఎర్రసిరా కక్కి కూలబడేవాడు. పాస్టరుగారు ప్రార్థన చెయ్యగానే లేచి గంతులేసేవాడు. ఇప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మ అతనికి నిజంగానే క్షయ ఉందన్నది. సమాధానానికి అంతా అయోమయం.

"రక్తమే పడలేదు గదమ్మా! ఇదేం క్షయ?"

"అందరికీ పడదు. ఆరు నెలలు మాత్రలు మింగాలి."

"ఆరు నెలలా? నాటకంలో ఒక్క ప్రార్థనకే లేచినాను గదా!"

"మానేస్తే చచ్చిపోతావయ్యా," అన్నది భార్య రెబెక్కమ్మ. "ప్రార్థన నేను చేస్తా. నువ్వు మింగు."

భయపడి అక్కడే మొదటి మాత్ర మింగాడు. దగ్గు మాత్రం ఆగలేదు.

"మింగినానే! ఇప్పుడు లేవాల్నా?"

"లేచి ఇంటికి పద. రేపు మళ్లీ మింగాల."