ఈశ్వరి వేసుకున్న కుర్చీ

ఈశ్వరి మా కొట్లో చేరిన మొదటి వారంలోనే నా కథలకు దిష్టి తగిలింది.

వంశధార వరదలో శ్రీముఖలింగం దగ్గర ఒక వాలుగ చేప ఒడ్డుకొచ్చి, ఎడ్లబండిని ఎడ్లతో సహా అవతలి గట్టుకు దాటించిందని నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఊరంతా నమ్మింది. ఆ ఎడ్ల పేర్లు కూడా చెప్పగలరు. ఈశ్వరి మాత్రం జిరాక్సు మిషన్ మీద మోచెయ్యి ఆనించి, "ఎవులు సూసినారు తాతా?" అంది.

"నేను చూశాను."

"మీరు కాకుండా?"

"ఎడ్లు చూశాయి."

"రెండో మనిషి కావాల తాతా. లేపోతే అది వార్త అవదు."

"వార్త అని ఎవరన్నారే? అది చరిత్ర!"

ఆ పిల్లకి ఈ జబ్బు ఫోన్లోంచి అంటుకుంది. మా ఊరి పేరు చెప్పను. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే, ఆటోవాడు పాట మార్చేలోపే వస్తుంది. పేరు చెబితే మండలాఫీసు వాళ్ళు మా కొట్లో జిరాక్సులు తీయించడం మానేస్తారని మా అబ్బాయి జయకృష్ణ భయం. ఆఫీసుకి సరిగ్గా ఎదురుగానే మా కొట్టు. జిరాక్సులు, రీచార్జీలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఆ పనులన్నీ ఈశ్వరి చూస్తుంది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి అబద్ధాలు చెబుతాను.

ఈశ్వరిది ఊరి చివరి కాలనీ. తండ్రి కూర్మయ్య కౌలుకి వరి పండిస్తాడు. టెక్కలిలో డిగ్రీ అయింది. విలేకరి కావాలని పిచ్చి. ఆ చదువుకి విశాఖపట్నం పంపే స్తోమత ఇంట్లో లేదు. అందుకని కొట్లో బేరం లేనప్పుడల్లా ఫోన్లో ఉచిత పాఠాలు వినేది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి ఆ చిన్న అద్దంలో పాఠం చెప్పి పోయేవారు. ఫొటో పాతదో కొత్తదో ఎలా కనిపెట్టాలి, ఏ పని ఎంతవరకు వచ్చిందో ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎక్కడ చూడాలి, సమాచార హక్కు దరఖాస్తు ఎలా పెట్టాలి, ఇవీ పాఠాలు. చాలావరకు ఇంగ్లీషే. తెలియని మాట వస్తే నన్ను అడిగేది. విజయనగరం కాన్వెంటులో సిస్టర్లు నాకు ఇంగ్లీషులో ప్రార్థించడం నేర్పారు, క్షమాపణ చెప్పడం నేర్పారు. ప్రశ్న అడిగితే మాత్రం బెత్తం చూపించేవారు. ఈశ్వరి పాఠాలన్నీ ప్రశ్న అడగడం గురించే.

ఒకరోజు పాఠంలో, మీ ఊరి వార్తలు రాసేవాళ్ళెవరో ఒకసారి గమనించండి అన్నారట. ఈశ్వరి కొట్లోంచి అలా రోడ్డుమీదకి వెళ్ళి చూసి వచ్చి చెప్పింది.

"అందరూ మగోళ్ళే తాతా. అందరి ఇళ్ళూ మెయిన్ రోడ్డు మీదే. కాలనీ నుండి ఒక్కలు లేరు. సముద్రం ఒడ్డు నుండి లేరు. కొండ మీద సవరలనుండి అసలే లేరు. మా కాలనీ పేపర్లోకి ఎక్కాలంటే ఇల్లన్నా కాలాల, మనిషన్నా నూతిలో పడాల."

ఆ మధ్యనే హైదరాబాదులోని ఒక వార్తల వెబ్‌సైటు ప్రకటన ఇచ్చింది. ఇంతవరకు పత్రికాఫీసుల గడప తొక్కని వర్గాలవాళ్ళని, మారుమూల ప్రాంతాలవాళ్ళని విలేకరులుగా తీసుకుంటారట. శిక్షణ, జీతం, ఆ తర్వాత జిల్లా విలేకరి ఉద్యోగం. సొంతంగా తీసిన ఒక వీడియో వార్త పంపాలి. ఈశ్వరికి ఆ ప్రకటన నోటికొచ్చేసింది. పడుకున్నప్పుడు కూడా అదే చదువుతోందని వాళ్ళమ్మ తాయారు నాతో మొరపెట్టుకుంది.

వార్త తనంతట తనే కాలనీకి వచ్చింది.

మా మండలంలో వార్త ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. ఏదైనా ప్రారంభోత్సవం ఉంటే ముందురోజే ఆఫీసులో ప్రెస్ నోట్ తయారవుతుంది. అతిథి ఏం మాట్లాడాడో, జనం ఎంత మురిసిపోయారో అన్నీ అందులో ఉంటాయి. అది విలేకరుల వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందరూ దాన్నే పంపేస్తారు. బిడ్డ పుట్టకముందే బారసాలకి వండి వడ్డించేసినట్టన్నమాట.

కాలనీలో కుళాయిల ప్రారంభోత్సవానికి కూడా అలాగే వడ్డించారు. ఆరోజు అతిథి గజపతినగరంలో ఏదో పెళ్ళిలో ఉండిపోయాడు. పైగా ట్యాంకు మోటారుకి కరెంటే ఇవ్వలేదు. షామియానా విప్పేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ వార్త వచ్చింది. కాలనీలో కుళాయిలు ప్రారంభం. ఇంటింటికీ నీరు. మహిళలు హర్షం వ్యక్తం చేశారు.

ఈశ్వరి ఆ పేపరు పట్టుకుని చేతిపంపు దగ్గరికి వెళ్ళింది. ఫోన్లో వీడియో పెట్టి అక్కడున్న ఆడవాళ్ళకి వార్త చదివి వినిపించింది. బిందె నడుమున పెట్టుకున్న దేముడమ్మ అడ్డం తగిలింది.

"హర్షం అంటే ఏటే ఈసరీ?"

"సంతోషం పిన్నీ. మీరందరూ సంతోషపడిపోనారట."

"ఎప్పుడే?"

"నిన్న పొద్దున్న."

"నిన్న పొద్దున్న నాను ఊడుపులకి పోనాను కదే! నా బదులు ఎవులు సంతోషపడినారో కనుక్కో. నా వొంతు నాకు ఇచ్చీమను."

పక్కనున్న లక్ష్మణమ్మ కుళాయి తిప్పి చూపించింది. లోపల్నుంచి ఒక జెర్రి బయటికొచ్చింది. కొండచిలువ అని చెప్పాలని నాకెంతో ఆశ. వీడియో ఉండిపోయింది, ఏం చెయ్యను?

పేపర్లో వచ్చిన ఫొటోని ఈశ్వరి ఇంటర్నెట్‌లో వెతికితే, అది వేరే జిల్లాలో ఎప్పటిదో కుళాయి అని తేలింది. ఎంపీడీవో గారికి ఫోన్ చేసి వివరణ అడిగితే "తర్వాత మాట్లాడతానమ్మా" అన్నారు. ఆ మాట కూడా వీడియోలో పెట్టి హైదరాబాదుకి పంపింది. దేముడమ్మ తన బొమ్మ తను చూసుకోవాలని పోరితే ఆవిడ ఫోనుకీ పంపింది. ఇక సాయంత్రానికి అది మండలంలో లేని ఫోను లేదు.

మర్నాడు రమేష్‌బాబు మా కొట్టుకొచ్చాడు. మండల విలేకరుల్లో పెద్ద. మంచివాడే. నన్ను మావా అంటాడు.

"ఏటి మావా, మీ కొట్లో కూర్చుని మా పొట్ట కొడతందీ గుంట?"

"నన్నడుగుతావేంరా? నా చేపనే బతకనివ్వలేదు. నీ కుళాయినేం బతకనిస్తుంది?"

అతను ఈశ్వరి వైపు తిరిగాడు. "నోట్ ఇచ్చినారు, ఏసినాం. అతిథి రాలేదని మాకేటి తెలుసమ్మా?"

"వస్తే తెలుస్తాది కదా బాబూ. కాలనీ ఎంత దూరం? సైకిల్ మీద పది తొక్కులు."

"అన్ని ఊళ్ళూ తిరగడానికి మాకు జీతాలేటి ఇస్తన్నారు? యాడ్లు తెస్తేనే విలేకరి. నీకేటి తెలుసు మా పాట్లు?"

"అది కూడా వార్తే బాబూ. సెప్పండి, వీడియో తీస్తాను."

రమేష్‌బాబు "ఆ కుళాయి వీడియో తుడిచీ. నీ మంచికే సెప్తన్నాను" అని వెళ్ళిపోయాడు. ఈశ్వరి తుడవలేదు.

రెండు రోజులకి హైదరాబాదు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆ వెబ్‌సైటు ఎడిటర్ ప్రమోద్. గెడ్డం, కళ్ళజోడు, వెనకాల గోడనిండా పుస్తకాలు.

"ఈశ్వరి గారూ, అద్భుతమైన స్టోరీ. మిమ్మల్ని తీసుకుంటున్నాం. చిన్న మార్పు ఒక్కటే. ఆ ఆడవాళ్ళ మాటలు, మీ మాటలు మా ప్రేక్షకులకి కష్టం. మా దగ్గర మంచి డబ్బింగ్ అమ్మాయి ఉంది. బొమ్మలు మీవే ఉంటాయి."

నేను లోపల కొబ్బరికాయ కొట్టేశాను. ఈశ్వరి కొట్టలేదు.

"అర్థం కాపోతే కింద అక్షరాలు ఏసుకోండి సార్."

"చదివే ఓపిక ఎవరికుంటుందండీ? అదీగాక ఈ యాస వింటే జనం కామెడీ అనుకుంటారు. మీ వార్త బరువు పోతుంది."

"అన్ని ప్రాంతాల గొంతులూ కావాలని మీ ప్రకటనలో ఉన్నాది సార్."

"అవును, అందుకే కదా మిమ్మల్ని..."

"నా బొమ్మ ఉంచి గొంతు తీసెత్తే అది నానెలగవుతాను? దేముడమ్మ పిన్ని ఆడని మాట ఆడిందని పేపరోళ్ళు రాసినారు. అది తప్పని నాను వార్త సేసినాను. ఇప్పుడు మీరూ ఆవిడ నోట్లో ఇంకొకల మాట ఎడతామంటే, నాను ఎవుల మీద వార్త సెయ్యాల?"

అతని మొహంలో చిరునవ్వు అలాగే ఉండిపోయింది. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. "సాయంత్రం దాకా ఆలోచించుకోండి" అన్నాడు.

"సాయంత్రానికీ ఇదే సార్" అంది.

కాల్ అయ్యాక నేను మెల్లగా అన్నాను. "ఒప్పుకోవే. ముందు ఉద్యోగంలో చేరు. గొంతు తర్వాత తెచ్చుకోవచ్చు."

"ఒకసారి ఇచ్చీసిన గొంతు తిరిగి తెచ్చుకున్నోళ్ళు ఎవులున్నారు తాతా? ఒక్క మనిషి పేరు సెప్పండి."

చేపల గురించి అడిగితే ఎన్ని పేర్లయినా చెప్పేవాణ్ణి. ఆ ఉద్యోగం వేరెవరికో ఇచ్చారు. వారం పాటు ఈశ్వరి జిరాక్సులన్నీ నల్లగా తీసింది.

ఈలోగా మోటారుకి కరెంటు ఇచ్చారు. కాలనీకి నీళ్ళు నిజంగానే వచ్చాయి. అతిథి కూడా నిజంగానే వచ్చాడు. తర్వాత మండలాఫీసులో ప్రెస్ మీట్. మా దగ్గర ప్రెస్ మీట్ కుర్చీలకి వీపున చీటీలు అంటిస్తారు, ఏ కుర్చీ ఏ పేపరుదో తెలిసేలా. పేపరు లేని మనిషికి కుర్చీ లేదు.

ఈశ్వరి మా కొట్లో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి నెత్తిమీద బోర్లించుకుని రోడ్డు దాటింది. కుర్చీ మాది కదా, దాని క్షేమం కోసం నేనూ వెనకే వెళ్ళాను. ముందువరసలో రమేష్‌బాబు పక్కన కుర్చీ దించి కూర్చుంది. ఎంపీడీవో గారు చెప్పడం పూర్తి కాగానే లేచింది.

"సార్, నీళ్ళు ఈరోజు వచ్చినాయి. వచ్చీసినాయని రెండు వారాల కిందటే నోట్ ఇచ్చినారు. జరగని పని జరిగినట్టు ఎవులు రాసినారు సార్?"

ఎంపీడీవో గారి బదులు రమేష్‌బాబే అందుకున్నాడు.

"ఏ పేపరమ్మా నీది? పేపరు లేనోళ్ళు బయట ఉండాల."

"అన్ని పేపర్లలోనూ ఒకటే వార్త వచ్చింది కదా బాబూ. నాది మీరెవులూ ఎయ్యని వార్త." మళ్ళీ ఎంపీడీవో వైపు తిరిగింది. "సెప్పండి సార్. నిల్చునే ఉంటాను."

నిలబడే ఉంది. కిటికీల దగ్గరికి కాలనీ ఆడవాళ్ళు చేరారు. దేముడమ్మ కిటికీ ఊచల్లోంచి ఫోనున్న చెయ్యి చాపి వీడియో తీస్తోంది. ఎంపీడీవో గారు చెమట తుడుచుకున్నారు.

"ముందుగా రాయడం మా ఆఫీసు పొరపాటే. ఇకమీదట కార్యక్రమం జరిగాకే నోట్ ఇస్తాం."

అధికారి నోరు విప్పితే రాసుకోవడం మా విలేకరులకి చేతి అలవాటు. అందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఈశ్వరి పేపర్లన్నీ కౌంటరు మీద పరిచింది. అన్నింటిలోనూ ఒకటే వాక్యం. విలేకరులు అడిగిన ప్రశ్నకు ఎంపీడీవో బదులిస్తూ పొరపాటు జరిగిందని అంగీకరించారు. ఆ వాక్యం రెండుసార్లు చదివి, రమేష్‌బాబుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"బాబూ, మీ వార్తలో తప్పున్నాది."

"మళ్ళీ ఏటమ్మా?"

"విలేకరులు అడిగినారని రాసినారు. అడిగింది ఒక్కలే. మీరెవులూ ఏటీ అడగలేదు. సవరణ ఎయ్యండి."

"ఏటని ఎయ్యమంటావు? జిరాక్సు కొట్టు గుంట అడిగిందనా?"

"విలేకరి ఈశ్వరి అడిగిందని ఎయ్యండి. విలేకరని మీరే రాసినారు కదా. పేరు కలపమంటన్నాను, అంతే."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చిన మనిషి కౌంటరు ముందు నిలబడి మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. "ఒక్క నిమిషం ఆగు బావూ" అని, ఈశ్వరి రెండో పేపరు దగ్గరికి లాక్కుని, అందులో ఆ పేపరు ఆఫీసు నంబరు ఎక్కడుందో వెతికి, మళ్ళీ డయల్ చేసింది.