నేను అతికించిన ఎనిమిది పేజీలు

ఆ ఉదయం మా అమ్మాయి లావణ్య వేలి ఉంగరం ఊడి రాలేదు. సబ్బు నురగ రాసి తిప్పుతుంటే "వదిలెయ్యమ్మా, తల పగిలిపోతోంది" అంది. అప్పుడు ముఖం చూశాను. కళ్ళ కింద ఉబ్బు, పెదవులు లావెక్కి, నా పిల్ల నాకే కొత్తగా కనిపించింది. అప్పటికి తనకి ముప్పై నాలుగో వారం.

"నెలలు నిండుతున్నాయి కదే, నీరు పట్టడం మామూలే" అన్నాను. బార్లీ నీళ్ళు కాచి ఇచ్చాను. నుదుటికి బామ్ రాశాను. తలనొప్పి అప్పటికి నాలుగు రోజులుగా ఉంది.

నేను రేపల్లెలో హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బడి లైబ్రరీ కూడా చాలా ఏళ్ళు నేనే చూశాను. ఏ పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలో ముఖం చూసి చెప్పగలనని నాకో గొప్ప ఉండేది. లావణ్యని బాపట్ల ఇచ్చాం. తనూ మా అల్లుడు సుధీర్ కూడా అక్కడే ఉద్యోగాలు. ఏడో నెలలో సీమంతం చేసి పురిటికి మా ఇంటికి తెచ్చుకున్నాం. బట్టల సంచీ ఒకటి తెస్తే పుస్తకాల సంచీ ఇంకొకటి తెచ్చింది. "నాకు నార్మల్ డెలివరీయే కావాలమ్మా. బాగా చదివి తయారవుతాను" అంది. పరీక్షకి కూర్చున్న పిల్లలాగే ఉంది దాని ముఖం.

నేను ఊరుకుంటానా? అన్నీ ముందు నేను తిరగేశాను. ఒకటి పేర్ల పుస్తకం. ఒకటి తిండి పుస్తకం, బిడ్డ తెల్లగా పుట్టాలంటే పాలలో ఎంత కుంకుమపువ్వు వెయ్యాలో రాశారు. నవ్వుకున్నాను గానీ పక్కన పడెయ్యలేదు. ఇంకొకటి సహజ ప్రసవం గురించి. ఊపిరి ఎలా తీసుకోవాలి, నొప్పులప్పుడు ఎలా నడవాలి, భర్త నడుము ఎలా నొక్కాలి అని బొమ్మలతో సహా ఉంది. లావణ్యకి అదంటే ప్రాణం. నాలుగోది లావుపాటిది, బొమ్మలు తక్కువ. తనతో పనిచేసే ఒకావిడ ఇచ్చిందట. దాని చివర్లో "వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సూచనలు" అని ఒక అధ్యాయం. పక్క పేజీలో ఫిట్స్ వచ్చి పడిపోయిన గర్భిణి బొమ్మ.

కడుపుతో ఉన్న పిల్ల చెడ్డ మాట వినకూడదు, చెడ్డ బొమ్మ చూడకూడదు. తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు. మా అమ్మ నా పురిటికి ఇంట్లోకి పేపరు కూడా రానివ్వలేదు. నేను ఆ అధ్యాయం చదవలేదు. వంటింట్లోకి వెళ్ళి నాలుగు అన్నం మెతుకులు తెచ్చి, మెత్తగా నలిపి, ఆ ఎనిమిది పేజీలూ ఒకదానికొకటి అతికించేశాను. పైన నిఘంటువు బరువు పెట్టాను. పుస్తకం మూల మడిచినందుకు పిల్లల చేత గోడకుర్చీ వేయించిన దాన్ని నేను. చెప్పేవి శ్రీరంగ నీతులు.

ఉంగరం ఊడిరాని ఆ రోజు పదింటికి లావణ్య ఇడ్లీ తిని వాంతి చేసుకుంది. డొక్క కింద నొప్పి అంది. "కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయమ్మా" అంది. గ్యాసేమో అనుకుని వాము నమలమన్నాను. అంతలో సుధీర్ ఫోను.

"అత్తయ్యగారూ, బీపీ చూపించారా? చెకప్‌కి వెళ్ళాల్సిన రోజు దాటిపోయింది కదా?"

దాటిపోయింది. అమావాస్య వెళ్ళాక తీసుకెళ్దామని నేనే ఆపాను. మావారు చెప్పులేసుకున్నారు. వీధి చివర క్లినిక్‌లో సిస్టరమ్మ బీపీ చూసి, నమ్మలేక రెండో చేతికి మళ్ళీ చూసింది. "నూట డెబ్భై బై నూట పదండి. ఇక్కడ కాదు, తెనాలి తీసుకెళ్ళిపోండి. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకుని వెళ్దామనుకోకండి" అంది. కారులో భట్టిప్రోలు దాటాక లావణ్య నా ఒళ్ళో తల పెట్టుకుని సహజ ప్రసవం పుస్తకంలో చెప్పినట్టే ఊపిరి తీసుకుంటోంది. లోపలికి నాలుగు, బయటికి ఆరు. ఆ లెక్క వింటూ కూర్చోవడం తప్ప నాకేం చేతకాలేదు.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరమ్మ యూరిన్ టెస్ట్ చూసి "ప్రోటీన్ త్రీ ప్లస్. ఇది సివియర్ ప్రీఎక్లాంప్సియా, కడుపుతో ఉండగా వచ్చే బీపీ బాగా ముదిరింది" అన్నారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్, బిడ్డ ఊపిరితిత్తులకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. లావణ్య మంచం మీద నుంచే "మేడమ్, నార్మల్‌కి చూడరా?" అని అడిగింది.

"అన్నీ బాగుంటే నేనూ నార్మలే కోరుకుంటానమ్మా. ఇప్పుడు ముందు నువ్వు బతకాలి" అన్నారు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "తలనొప్పి నాలుగు రోజుల నుంచి అంటున్నారు. చదువుకున్నవాళ్ళు, టీచరుగారు. ఇవి ప్రమాదమని ఎక్కడా చదవలేదా?" అని అడిగారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అప్పటికే బాపట్ల నుంచి వచ్చేసిన సుధీర్ ముఖం చూడలేక నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు సిజేరియన్ చేశారు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందల గ్రాములు. ఏడుపు విన్నాం గానీ పిల్లని చూపించి వెంటనే నెలలు నిండని పిల్లల్ని ఉంచే ఎన్ఐసీయూకి తీసుకెళ్ళారు. గండం గడిచిందనుకున్నాను. బిడ్డ బయటికొస్తే ఈ జబ్బు పోతుందని ఎవరో అంటే విన్నాను మరి. రెండో రోజు సాయంత్రం నేను లావణ్యకి జావ తాగిస్తున్నాను. గ్లాసు నా చేతిలో ఉండగానే దాని కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. దవడ బిగిసింది, చేతులు కొట్టుకున్నాయి. అచ్చం ఆ బొమ్మ. నేను అన్నం మెతుకులతో మూసేసిన బొమ్మ నా కళ్ళ ముందు మంచం మీద ఉంది. నేను అరిచానట. నాకు గుర్తులేదు. "ప్రసవం తర్వాత కూడా రావచ్చమ్మా" అని చెప్తూనే సిస్టర్లు నన్ను పక్కకి జరిపి దాన్ని ఐసీయూకి తీసుకెళ్ళారు.

బట్టల కోసమని రేపల్లె వచ్చినప్పుడు ఆ పుస్తకం తీశాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, తడిగుడ్డ అద్ది అద్ది పేజీలు విడదీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తగ్గని తలనొప్పి. ముఖం, చేతుల వాపు. కళ్ళ ముందు మెరుపులు. డొక్క కింద నొప్పి. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలని ఉంది. పురుడయ్యాక కూడా ఇదే జాగ్రత్త అని ఉంది. నా కూతురి నాలుగు రోజులూ ముందే అచ్చయి ఇంట్లో ఉంటే, మూసింది నేను.

ఫిట్స్ వచ్చిన మూడో రోజుకి లావణ్య తేరుకుంది. వార్డుకి వచ్చాక నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసమ్మా. పేజీల మధ్య మెతుకు కనపడింది. నువ్వు అతికించావంటే నాకు అక్కర్లేనివే అయ్యుంటాయిలే అనుకున్నాను" అంది.

అంతకంటే పెద్ద దెబ్బ నన్ను ఎవరూ కొట్టలేదు. బడిలో ఎంతమంది పిల్లలు అలా నమ్మి నా చేతి నుంచి పుస్తకం పట్టుకెళ్ళారో అనిపించింది.

పాపకి ఇప్పుడు పదో నెల. మొదట్లో తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా గంటల తరబడి పడుకోబెట్టాం. బరువు తక్కువ పిల్లలకి అలా చెయ్యమని సిస్టర్లు చెప్పారు, ఆ లావుపాటి పుస్తకంలో కూడా ఉంది. ఈసారి ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను. లావణ్య బీపీ మాత్రలు కొన్ని వారాలు వాడి, డాక్టరు చెప్పాకే ఆపేసింది. సహజ ప్రసవం పుస్తకం మీద నాకు కోపం లేదు. ఆ ఊపిరి లెక్కే కారులో దాన్ని నిలబెట్టింది. కానీ అది ఒక్కటే చాలదు.

కడుపుతో ఉన్న పిల్లకి పుస్తకం కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ముందు చివరి అధ్యాయాలు తిరగెయ్యండి. ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో అందులో లేకపోతే అది ఉన్న పుస్తకం కూడా తీసుకోండి. ఆ పేజీ పిల్ల ఒక్కతే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళంతా చదవండి.

పోయిన నెల నేను బాపట్ల వెళ్ళినప్పుడు లావణ్య ఆ లావుపాటి పుస్తకాన్ని పక్కింటమ్మాయికి ఇస్తానంది. ఆ అమ్మాయికి ఆరో నెల. తడిపి విడదీసినప్పుడు కొన్ని అక్షరాలు మెతుకులతో పాటు ఊడిపోయాయి, వాటిని లావణ్య పెన్నుతో పూరించింది. ఇచ్చే ముందు నా చేతిలో పెట్టి, "నువ్వే చదివి వినిపించమ్మా, పైకి" అంది. ఆ అమ్మాయి పొట్ట మీద చెయ్యేసుకుని ఎదురుగా కూర్చుంది. ఫిట్స్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మంచినీళ్ళు తాగి, ఆ వాక్యం మొదటినుంచీ మళ్ళీ చదివాను.