రెండు పిడికిళ్ల బియ్యం

వండిన అన్నాన్ని తూకం వేయడం మా సీమలో అచ్చిరాని పని. పక్కవాడు ఎన్ని ముద్దలు తిన్నాడో లెక్కించడమే దోషమనుకునే చోట, కంచాన్ని కాటా మీద పెట్టడమంటే ఆ ఇంటికి కీడు కొనితెచ్చినట్లే. ఇది నాకు తెలియనిది కాదు. అయినా అరవై ఒకటో యేట, చేతిసంచిలో ఒక చిన్న కాటా పెట్టుకొని పరాయి వంటిళ్లలోకి అడుగుపెట్టాను.

కారణం చదువు. మా నాయనగారు నాకు పదేళ్లకే కావ్యపాఠం మొదలుపెట్టినవారు. డిగ్రీలో నేను గృహవిజ్ఞానం తీసుకున్నప్పుడు, "గరిటె పట్టడానికి పట్టా ఎందుకే?" అని నొచ్చుకున్నారు. ఆయన మనసు కుదుటపరచడానికే ఆ తర్వాత భాషాప్రవీణ పూర్తిచేసి, ప్రొద్దుటూరులో ముప్పైయేళ్లకు పైగా తెలుగు పండితురాలిగా పద్యాలు చెప్పాను. ఉద్యోగ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, డిగ్రీతోనే వదిలిన శాస్త్రాన్ని ముగించాలన్న కోరికతో గృహవిజ్ఞానంలో స్నాతకోత్తర విద్యకు చేరాను. తరగతిలోని ఆడపిల్లలు, "అమ్మమ్మా, ప్రాక్టికల్స్‌లో తాలింపు మీరే పెట్టండి, మా అందరికీ మార్కులొస్తాయి" అని ఆటపట్టించేవారు.

రెండవ సంవత్సరంలో పరిశోధన వ్యాసం రాయాలి. మూడు కుటుంబాలలో ఏడేసి రోజులు ఏమి వండుతారో, ఎవరెంత తింటారో నేను తూచి నమోదు చేయాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటిలోని బియ్యం, పప్పు, నూనెల నిల్వ తూచాలి. వండినదానికీ తరిగిన నిల్వకూ పొంతన కుదరాలి. నాకంటే ఇరవైయేళ్లు చిన్నదైన మా మార్గదర్శకురాలు ఒక నియమం మాత్రం గట్టిగా చెప్పింది. "ఆ ఏడు రోజులూ మీరు ఎవరికీ సలహా చెప్పకండి మేడం. మీరు చెబితే వాళ్లు మారతారు. అప్పుడు మీరు రాసేది వాళ్ల అలవాటు కాదు, మీ మాట."

మొదటి ఇల్లు ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారులది. "కాటా మాకు కొత్తా టీచరమ్మా? మాది గజంబద్ద గానీ, మా మామోళ్లది బంగారు అంగడి" అని నవ్వి, ఆ ఇంటి పెద్ద తన దోసెను తానే తూచుకున్నాడు. రెండవది జమ్మలమడుగులో ఒక ఉపాధ్యాయుని ఇల్లు. అక్కడా ఏ విఘ్నమూ కలుగలేదు. మూడవది పులివెందుల దగ్గర, తొండూరు దారిలో, చీనీ తోటల నడుమ, అంటే బత్తాయి తోటల నడుమ, ఉన్న ఒక రైతు కుటుంబం. ఆ వారం వాళ్లింటనే బస చేశాను.

ఇంటి యజమానురాలు నా ఈడుది. కొడుకు తోటలు చూసుకుంటాడు. కోడలికి ఏడవ నెల, తొలి చూలు. మొదటి పూట నేను సంగటి ముద్దను కాటా మీద పెట్టగానే యజమానురాలి చేతిలో గరిటె ఆగింది.

"ఏందక్కా ఇది? కూడు తూకమేసేది యాడన్నా ఉందా? కడుపుతో ఉండే బిడ్డ ఉండే యింట్లో!"

"ఇది శాస్త్రమమ్మా. చదువులో భాగం."

"మంచి శాస్త్రం! సందేళకు నీకూ నీ మిషనుకూ కలిపి దిష్టి తీస్తా, ఉండు."

అన్నట్లే సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ కాటా చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్లు కాగే పొయ్యిలో వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి గానీ ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి బలంగా ఉన్నట్లని వాళ్ల నమ్మకం. ఆమె పొయ్యి ముందు కాసేపు నిలబడి, నవ్వకుండా లోపలికి వెళ్లింది. నేను నవ్వుకున్నాను.

ఆ కోడలిని చూసి నేను ముచ్చటపడిన మాట దాచను. వెన్నెల పూసినట్లు పాలిపోయిన చెక్కిళ్లు, మెట్టుమెట్టుకూ ఆగి గోడకు చేయి ఆన్చి ఎక్కే నడక, ఏ పనిలోనూ తొందర లేని అలసత. మన ప్రబంధాలలో గర్భవతులైన రాణులు ఇట్లాగే ఉంటారు. వాళ్ల ముఖపాండిమను చంద్రునితో పోల్చడం, వాళ్లు మట్టివాసనకు మనసుపడడాన్ని వేడుకగా వర్ణించడం కవులకు పరిపాటి. ఆ పద్యాలను తరగతిలో ఎంత రాగయుక్తంగా చదివేదాన్నో! ఇన్నేళ్లకు ఆ పద్యం కదిలి నా ముందు కాఫీ గ్లాసు పెట్టి వెళ్తున్నదని మురిసిపోయాను.

రెండవ రోజు సాయంత్రం బియ్యం లెక్క తప్పింది. డబ్బాలో తరిగినదానికంటే వంటకు తీసినది తక్కువగా తేలింది. తేడా సుమారు రెండు పిడికిళ్లు. కాటాను అనుమానించి, సీలు విప్పని కిలో చక్కెర పొట్లం పెట్టి చూశాను. కాటా సరిగానే ఉంది. మూడవ రోజు కూడా రెండు పిడికిళ్ల తేడానే వచ్చింది. నాలుగవ రోజు ఉదయం, ఆలోచన లేకుండా పైకి అనేశాను.

"బియ్యం కొంచెం తక్కువ వస్తున్నాయమ్మా. నేనే ఎక్కడో పొరపడుతున్నానేమో."

సలహా చెప్పకూడదన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తున్నాననుకున్నాను. ఆ మాట ఎక్కడికి పోయి తగులుతుందో ఊహించలేదు. యజమానురాలు పెరటి వైపు తిరిగింది. అక్కడ అంట్లు తోమే ఆమె బోర్లించిన గిన్నెలను ఎండకు సర్దుతున్నది.

"బియ్యానికి కాళ్లొచ్చి నడిసిపోతాండాయా ఏంది?"

"నన్నేనా అంటాండావు? పదేండ్లుగా ఈ గిన్నెలు తోముతాండా. రేషన్ బియ్యం మా ఇంట్లో మూటలు ఉండాయి, తినేవాళ్లు లేరు. నీ పిడికెడు బియ్యం నేనేం జేసుకోను, బొట్టు పెట్టుకోనా?"

"మరి యాడికి పోతాండాయో సెప్పు!"

"నన్నెందుకు అడుగుతావు? తూకమేసే టీచరమ్మ ఉండాది గదా, అడుగు." ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని నా వైపు తిరిగింది. "టీచరమ్మా, బియ్యం తూకమేసినావు, సంగటి తూకమేసినావు. ఆ బిడ్డ మొగం ఒగసారన్నా చూసినావా? సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది."

ఆమె వెళ్లిపోయింది. వాకిట్లో కోడలు తలవంచుకొని నిలబడి ఉన్నది. ఆ మధ్యాహ్నమే బియ్యం ఉన్న కొట్టుగదికి బీగం పడింది. తాళంచెవి యజమానురాలి నడుముకు చేరింది.

ఐదవ రోజు లెక్క గ్రాముతో సహా కుదిరింది. నేను తృప్తిగా పట్టిక కింద గీత గీశాను. ఆ తృప్తితోనే పెరట్లోకి నడిచాను. వెనుక పాత పశువుల కొట్టం ఉన్నది. పశువులు లేవు, మట్టిగోడలు మాత్రం మిగిలాయి. ఒక గోడకు, కూర్చున్న మనిషి చేయి అందేంత ఎత్తులో, పూత గీకినట్లుంది. గీతలు కొత్తవి. నీళ్లు చల్లి గీకినట్లు, లోపలి ఎర్రమన్ను ఇంకా తడిగా ఉంది. గోడ మొదట్లో కోడలు కూర్చొని ఉన్నది. నన్ను చూసి గుప్పిలి వెనక్కి దాచుకుంది.

నేను పక్కన కూర్చొని ఆ చేయి తీసుకున్నాను. గోళ్లు చెంచాలలాగా లోపలికి గుంటపడి ఉన్నాయి. నీటిచుక్క వేస్తే నిలుస్తుంది. ఆ గోళ్ల బొమ్మ మా పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్షలో దానికి రెండు మార్కులకు జవాబు కూడా రాశాను. కింది కనురెప్పను లాగి చూశాను. ఎర్రగా ఉండవలసిన చోట కాగితపు తెలుపు.

"అత్తకు సెప్పద్దు టీచరమ్మా," అని ఏడ్చింది. "బియ్యం కనపడితే చెయ్యి ఆగదు. నోట్లో ఏసుకుంటే పాణం నెమ్మదిగా ఉంటాది. ఇప్పుడు బీగమేసిరి. ఈ మన్ను వాసన నన్ను పిలుస్తాది."

"ఆస్పత్రిలో మాత్రలు ఇవ్వలేదా?"

"మూడో నెలలో ఇచ్చిరి. ఏసుకుంటే కడుపులో తిప్పుతాది. అవి ఏసుకుంటే బిడ్డ నల్లగా పుడతాదని అత్త గూడా అనె. ఆపైన చీనీ కోతలు వచ్చె, మళ్ల ఆస్పత్రికి పోలేదు." కొంచెం ఆగి, కన్నీళ్లలోనే నవ్వింది. "సిన్నప్పుడు బియ్యం తింటే నీ పెండ్లిలో వాన పడతాదే అని మా యమ్మ కొట్టేది. నిజంగానే పడె. పందిరి పడిపాయ."

రక్తం లేని శరీరం పచ్చిబియ్యాన్నీ మన్నునూ కోరుతుందని నాకు తెలుసు. ఈ స్థితిలో కాన్పుకు వెళ్తే, మరొక ఆడది తట్టుకోగల రక్తస్రావాన్ని ఈమె తట్టుకోలేదనీ తెలుసు. నేను చూస్తున్నది వెన్నెల కాదు. అయినా ఆ సాయంత్రం నోరు విప్పలేదు. ఇంకా రెండు రోజులే గదా, ఏడవ రోజు పట్టిక మూసి అంతా చెబుతాను, కాన్పుకు రెండు నెలల గడువుంది గదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. నియమాన్ని గౌరవిస్తున్నానని పేరు పెట్టుకున్నాను. ఆరవ రోజంతా ఆమె కంచం తూచాను. మిగిల్చినది తూచాను. ఆమె మెట్ల మీద ఆగినప్పుడల్లా నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. నాలుగు మెట్లకు మూడుసార్లు ఆగింది.

ఏడవ రోజు ఉదయం నేను కాటా మీద ఖాళీ గిన్నె పెడుతుండగా, పెరట్లో బిందె పడిన చప్పుడైంది. చాలాసేపు దొర్లింది. కుళాయి దగ్గర కోడలు పక్కకు ఒరిగి పడి ఉన్నది. పెదవులకూ బుగ్గలకూ రంగులో తేడా లేదు.

కొడుకు కారు తీశాడు. వెనుక సీటులో కోడలి తల అత్త ఒడిలో, పాదాలు నా ఒడిలో. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి. దారిలో నేను అంతా చెప్పాను. బియ్యం, గోడ, గోళ్లు, నేను చూసిన రోజు. యజమానురాలు కేకలు వేస్తుందనుకున్నాను. ఆమె కోడలి నోటి మూలనున్న ఎర్రమన్నును కొంగుతో తుడిచింది.

"నాకు తెలుసక్కా," అన్నది. "దాని మీద అనుమానం ఉండె. అంట్లు తోమేదాన్ని ఉత్తుత్తికే అన్నా. మా సెల్లెలు గూడా ఇట్లే బియ్యం తినె, మన్ను తినె. కాన్పులో నెత్తురు నిలవక సచ్చిపాయ. తినేదే సంపిందనిరి అందరూ. అందుకే బీగమేస్తి. తినకుంటే బతుకుతాదనుకుంటి."

ఆమె తెలియక వేసిన బీగం అది. తెలిసీ మూసుకున్న నోరు నాది.

పులివెందుల ఆస్పత్రిలో వైద్యురాలు కనురెప్ప లాగి చూసి, రక్తపరీక్ష కాగితం రాకముందే అంబులెన్సు పిలిపించింది. కడపకు పంపుతూ మాతో అన్నది. "ఇట్లాగే నెలలు నిండి ఉంటే, కాన్పు బల్ల మీద నుంచి లేచేది కాదు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" నా మెడలోని గుర్తింపు కార్డు చూసి, "మీరెవరు?" అని అడిగింది. నేను చెప్పాను. "ఎన్ని రోజులుగా ఉన్నారు?" అన్నది. ఆరు రోజులన్నాను. ఆమె తల వంచి కడపకు పంపే కాగితం రాసింది. ఆ ప్రశ్న ఇప్పటికీ నా వెంట వస్తుంది.

రక్తం ఎక్కించారు. నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చింది. ఆడపిల్ల, అరచేతిలో ఇమిడేంత. ఇద్దరూ దక్కారు. నా వ్యాసంలో మూడవ ఇంటికి ఆరు రోజుల పట్టికే ఉన్నది. మౌఖిక పరీక్షలో పెద్దాయన ఒకరు, "ఏడవ రోజు ఏమైందమ్మా?" అని అడిగారు. "ఆరవ రోజు ఏమైందో అడగండి" అన్నాను. చెప్పిందంతా విన్నారు. పట్టా ఇచ్చారు. దానిని నేను గోడకు తగిలించలేదు.

బిడ్డకు ఐదవ నెలలో కోడలు పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చిందని తెలిసి చూడబోయాను. అంట్లు తోమే ఆమె మళ్లీ పనిలో చేరింది. యజమానురాలే ఇంటికి పోయి పిలుచుకొచ్చిందట. అయితే, "బియ్యం డబ్బా నేను ముట్టను, నువ్వే తీసియ్యి" అని షరతు పెట్టి వచ్చింది. కొట్టుగదికి బీగం లేదు. కోడలు వసారాలో ఊయల ఊపుతూ నవ్వింది. ముఖం నీడలో ఉన్నది.

"బాగుండావా?"

"బాగుండా టీచరమ్మా. మాత్రలు ఏసుకుంటాండా."

యజమానురాలు నన్ను కొట్టుగదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసింది. "నీ మిషను తెచ్చినావా అక్కా?" అని గొంతు తగ్గించి అడిగింది. కూడు తూచడం అచ్చిరాదన్న మనిషి! అలవాటుగా సంచిలోనే ఉండిపోయిన కాటా తీశాను. "పొద్దన నేనే అంగడి సంచి ఇప్పి ఐదు కేజీలు పోసినా. సంగటిలోకి అర్ధకేజీ తీసినా. ఇంగ ఎవురూ ముట్టలేదు. సూడు."

ఖాళీ పళ్లెం బరువు తీసివేసి, బియ్యం రెండు విడతలుగా తూచాను. అంకెలు కాసేపు ఊగి నిలిచాయి. మళ్లీ తూచాను.

నాలుగున్నర లేదు. రెండు పిడికిళ్లు తక్కువ.

ఆమె నా ముఖం చూసి గోడకు ఆనుకుంది. బయట ఊయల గొలుసు కిర్రుమంటూ ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది. నేను పుస్తకం తీయలేదు. కాటాను అక్కడే వదిలి వసారాలోకి వెళ్లి, కోడలి గడ్డం పట్టి ముఖాన్ని ఎండ వైపు తిప్పాను.

"కొడుకును కారు తీయమను," అని లోపలికి కేకేశాను. "ఇప్పుడే."