కొట్టనివాడికి చోటులేని జట్టు

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మేముండే ఇంటి కింద, కెల్లర్ అనే సామాన్ల గదిలో, సైకిళ్ళ వెనక, మేకుకు చిన్న తోలు గ్లౌజు ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని దించి ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు, చెమట, కొబ్బరినూనె కలిసిన వాసన వస్తుంది; దాంతోపాటే నిజామాబాద్‌లోని మా బడి మైదానమూ, మా డ్రిల్ సారు మీద కోపమూ వస్తాయి. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

మా బడిలో క్రికెట్ కాదు, బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి సాఫ్ట్‌బాల్ ఆడించేవారు. వానలు వెనకబట్టి, గునుగు పూసి మైదానం అంచులు తెల్లబడే రోజుల్లో, ఆడపిల్లలు బతుకమ్మ కోసం ఆ పూలు తెంపుకుంటుంటే మేము ఇంట్లో అడగకుండా తెచ్చిన కొబ్బరినూనెను గ్లౌజులకు పట్టించి, ఎండలో ఆరబెట్టి, జేబుల్లో కుక్కుకున్న మలీద ముద్దలు తింటూ, చీకటిపడి బంతి కనబడకుండా పోయేదాకా విసురుకునేవాళ్ళం. మా నాన్న అన్న, మా పెద్దబాపు, గోడవారగా గొంతుక్కూర్చుని బీడీ మీద బీడీ కాలుస్తూ ప్రతి ఆటా చూసేవాడు, ప్రతివాణ్ణీ తిట్టేవాడు.

మాలో అంజయ్య అందరికన్నా పొట్టి. బంతిని దూరం కొట్టలేడు. కానీ సరైన చోటికి రాని బంతిని ఎన్నడూ ముట్టడు. అలాంటివి నాలుగు వదిలేస్తే, మైదానంలో నాలుగు మూలలుండే బేసుల్లో మొదటిదానికి ఊరికే వెళ్ళొచ్చు గనక, పెరట్లోకి పోయినట్టు తాపీగా నడిచి వెళ్ళేవాడు. వెనకాల ఎవరో ఒకరు కొడితే చుట్టూ తిరిగొచ్చేవాడు, మాకో పరుగు వచ్చేది.

ఒక ఏడు జిల్లా పోటీల్లో మొదటి ఆటకే ఓడి వచ్చాం. మరునాడే సారు జట్టును కొత్తగా కడతానన్నాడు. ఆయన కట్టడమంటే వాలీబాల్ ఆడే పొడుగు పిల్లల్ని తెచ్చి నింపడం. అంజయ్యను అందరి ముందూ నిలబెట్టి, "బ్యాటిచ్చింది కొట్టనీకిరా. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడనీకి కాదు," అన్నాడు. పొడుగువాళ్ళు నవ్వారు.

పెద్దబాపు గోడ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "వాడు అవుటైతలేడు గద సారూ. అవుటుగానోణ్ణి తీసేసి ఎవల్ని పెడ్తవు?"

పోయి బీడీ తాగమన్నాడు సారు. ఆ సాయంత్రం అంజయ్య తన గ్లౌజుకు నూనె పట్టించి సామాన్ల గదిలో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మైదానం వైపు రాలేదు.

నేను లెక్కలు ఎవరి దగ్గరా చదువుకోలేదు, వేసుకుంటూ నేర్చుకున్నాను. ఈ ఆట లెక్క చిన్నదే. మూడు అవుట్లయితే మన వంతు ముగుస్తుంది. జట్టుకున్న ఆస్తి ఆ మూడే. వాటిని ఖర్చుపెట్టనివాణ్ణి ముందు నిలిపి, బలంగా కొట్టేవాణ్ణి వాడి వెనక పెట్టాలి. సారు ముందు నిలిచేవాడే లేకుండా, అందరినీ వెనక కొట్టేవాళ్ళనే పెట్టాడు. మరుసటి ఏడు ఆ పొడుగువాళ్ళు ఆకాశంలోకి కొట్టారు, అవతలివాళ్ళు కింద నిలబడి పట్టుకున్నారు. ఇంకా ఘోరంగా ఓడాం. నాకు సంతోషం వేసింది.

కరోనా రెండో ఏడు, ఇక్కడ మా అమ్మాయి శ్రావ్య ఆడే పిల్లల బేస్‌బాల్ జట్టు ఆడనిచ్చిన కాసిని ఆటలూ ఓడింది. చలికాలంలో కోచ్ వీడియో మీటింగు పెట్టి, ఇకమీదట దూరం కొట్టేవాళ్ళకే చోటన్నాడు. శ్రావ్యకు బెంచీ. అదీ అంజయ్య లాగే చెడ్డ బంతిని ముట్టదు. నేను వచ్చీరాని జర్మన్లో మూడు అవుట్ల లెక్క చెప్పబోయాను. రెండో అవుటు దగ్గర ఆయన నా మైకు కట్టేశాడు. తెర మీద నా పెదాలు కదులుతూనే ఉన్నాయి. మా డ్రిల్ సారుకు పెద్దబాపు మాటైనా చెవిన పడింది. ఈయనకు మీట ఉంది.

పక్కనే కూర్చున్న శ్రావ్య లాప్‌టాప్ మూసేసింది. "లాస్ ఎస్, నాన్నా. వదిలెయ్. నేను ఇంక పోను."

వేసవిలో మైదానం మళ్ళీ తెరిచారు. తను వెళ్ళలేదు; గ్లౌజును కెల్లర్లో మేకుకు తగిలించేసింది.

నిజామాబాద్‌లో మా మైదానం ఇప్పుడు ఫంక్షన్ హాలు. గునుగు పూసే అంచున కార్లు నిలుపుతున్నారు. పెద్దబాపు లేడు. అంజయ్య ఎక్కడున్నాడో నేనడిగిన ఎవరికీ తెలియదు. ఇక్కడి చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. గది వెచ్చబెట్టే హీట్సుంగ్ మీద పెట్టి కరిగించి, అప్పుడప్పుడూ కెల్లర్లోకి దిగి గ్లౌజుకు పట్టించి వస్తాను. తోలు మెత్తగానే ఉంది. మొన్న నా చేయి పెట్టి చూశాను. వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.